అతుకు మీద రంగు

పోయిన ఆదివారం మా భాంజా స్కూటీ వేసుకుని ఇంటికొచ్చాడు. సలాం చేశాడు. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని రెండు ప్లేట్ల పలావు తిన్నాడు. చేతులు కడుక్కున్నాక అసలు సంగతి బయటపెట్టాడు. బండి అమ్మేస్తున్నాడట, కొత్తది తీసుకుంటాడట.

"మామూ, మీటరు నలభై రెండు వేలు చూపిస్తోంది. మన మెకానిక్ భాయ్ పద్దెనిమిది వేలకి తిప్పిస్తానంటున్నాడు. అందరూ చేసేదే కదా. తిప్పించేయనా?"

వాణ్ణి కోప్పడదామంటే నోరు రాలేదు. వాడి కన్నా పెద్ద వయసులో, వాడి స్కూటీ కన్నా ఎంతో ఖరీదైన వస్తువు విషయంలో నేను అచ్చం అలాంటి పనే చేశాను. ఆ కిస్సా వాడికి చెప్పాను. మీకూ చెప్పాలనిపించింది.

ఇది ఒక తెరచాప పడవ సౌదా గురించి. పడవ అంటే మన కొత్తపట్నం ఒడ్డున కనపడే చేపల పడవ కాదు. లోపల పడకలు, చిన్న బావర్చీఖానా, గుసల్‌ఖానా, మ్యాపులు పరుచుకునే బల్ల అన్నీ ఉంటాయి. ఓ కుటుంబం నెలల తరబడి అందులోనే బతుకుతూ, గాలి మీద ఆధారపడి సముద్రాలు దాటొచ్చు. గోరాలు అలాంటివి కొనుక్కుని దేశాలు తిరుగుతారు.

దానికంటే ముందు మా అబ్బా సైకిల్ షాపు గురించి రెండు మాటలు చెప్పాలి.

ఒంగోల్లో అబ్బాది చిన్న దుకాణం. పంక్చర్లు, ఓవరాయిలింగు, గంటల లెక్కన అద్దె సైకిళ్లు. దాంతో పాటు పాత సైకిళ్లు కొని, బాగుచేసి అమ్మేవాడు. స్కూలు లేనప్పుడు నా పని గరుకు కాగితంతో తుప్పు గీకడం, రంగు వేయడం. ఒకసారి ఫ్రేము విరిగితే వెల్డింగ్ చేయించిన సైకిలు వచ్చింది. దానికి నల్ల రంగు వేస్తూ వెల్డింగ్ అతుకు మీద కూడా రెండు కోట్లు వేశాను. నున్నగా, కొత్త ఫ్రేములా తేలింది. అబ్బా శాబాష్ అంటాడని చూస్తున్నా.

అబ్బా గుడ్డని కిరసనాయిల్లో ముంచి ఆ అతుకు మీద రంగంతా తుడిచేశాడు.

"అతుకు మీద రంగు వేయకు బేటా. కొనేవాడు అతుకుని చూడాలి. చూశాకే డబ్బులివ్వాలి."

తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి అతుకు చుట్టూ సున్నా చుట్టాడు. అబ్బా అమ్మే ప్రతి సైకిలు మీదా అలా సుద్ద గుర్తులుండేవి. ఫోర్కు వంగి సరిచేసిందయితే ఫోర్కు మీద గీత. రిమ్ము పాతదయితే రిమ్ము మీద ఇంటూ గుర్తు. బేరానికి వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. "భాయ్, నువ్వు సైకిలు అమ్ముతున్నావా, సైకిలు మీద కంప్లయింటు రాస్తున్నావా?" అని.

అబ్బా చదివింది ఐదో తరగతి. కానీ జుమా బయాన్‌లో విన్న ఒక హదీసు ఆయన మనసులో నాటుకుపోయింది. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం మదీనా బజారులో ధాన్యం రాశి దగ్గర ఆగి, అందులోకి చెయ్యి పెడతారు. పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా ఉంటాయి. వాన పడిందని అమ్మేవాడు చెప్తాడు. మరి ఆ తడి గింజలు జనానికి కనపడేలా పైన పెట్టొచ్చు కదా అని అడుగుతారు. ధోకా చేసేవాడు మనవాడు కాడని కూడా అంటారు. "వాన కురిస్తే అమ్మేవాడి ఖసూర్ కాదు బేటా. తడిని కింద దాచడమే ఖసూర్" అనేవాడు అబ్బా.

ఈ మాటలు వింటూ పెరిగినవాణ్ణి నేను. ఇప్పుడు నేను చేసిన పని వినండి.

2007లో అజ్మాన్ వెళ్లాను. మొదట నీళ్ల ట్యాంకులు చేసే చోట హెల్పర్‌ని. గాజు నారతో నేసిన చాపని అచ్చులో పరిచి, రెసిన్ పోసి, రోలర్‌తో గాలి బుడగలు పోయేదాకా రుద్దడం. దాన్నే ఫైబర్‌గ్లాస్ పని అంటారు. రెండేళ్లకి ఆ పని చేతికి పట్టుబడింది. అక్కణ్ణుంచి ఖోర్ ఒడ్డున పడవలు బాగుచేసే యార్డుకి మారాను. జీతం 1,800 దిర్హాములు. అప్పట్లో ఆ పరిసరాల్లో చెక్కతో ధోలు కట్టే కార్ఖానాలు ఇంకా ఉండేవి. అందులో చాలామంది మన దేశపు వడ్రంగులే. వాళ్లు చెక్క చెవి దగ్గర పెట్టుకుని తట్టి, మంచిదో చెడ్డదో చెప్పేవాళ్లు. ఆ తట్టే విద్య నాకు తర్వాత పనికొచ్చింది.

2013 చలికాలం మొదట్లో మా యార్డుకి ఆ పడవ వచ్చింది. 1978లో ఇంగ్లాండ్‌లో కట్టిన 32 అడుగుల తెరచాప పడవ. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, అడుగున బరువైన కీల్. గాలి ఎంత ఒరగదోసినా ఆ బరువే పడవని మళ్లీ నిలబెడుతుంది. ఓనరు ఇంగ్లాండ్ సాబే, అక్కడ ఇంజనీరుగా చేసేవాడు. నౌకరీ అయిపోయింది, ఫిబ్రవరిలో సొంతూరు వెళ్లిపోతున్నాడు. ఆలోపు పడవని బాగుచేయించి, మంచి ధరకి అమ్మాలని ఆయన ఆలోచన.

ఐదు నెలలు నేనూ, ఇంకో ఇద్దరు మనుషులూ దాని మీద మెహనత్ చేశాం. నీళ్లలోంచి పైకి తీస్తే అడుగు నిండా బొబ్బలు. ఏళ్ల తరబడి గోరువెచ్చటి ఉప్పునీళ్లలో ఉంటే, పై పొరలోంచి నీళ్లు లోపలికి ఇంకి, రెసిన్‌లో మిగిలిన రసాయనాలతో కలిసి అలా బొబ్బలు లేస్తాయి. ఒకటి పొడిస్తే సిర్కా వాసన వచ్చే నీళ్లు చిమ్ముతాయి. ఆ పొర మొత్తం చెక్కి, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, నెలల కొద్దీ ఆరబెట్టి, ఎపాక్సీ కోట్లు వేశాం. నీళ్లు లోపలికీ బయటికీ వెళ్లే వాల్వులు ఇత్తడివి. ఉప్పునీళ్లు అందులో జింకుని తినేస్తే ఇత్తడి గులాబీ రంగుకి తిరిగి, పెళుసుబారుతుంది. వాటిని తీసేసి కంచువి వేశాం. ఎండకి కుట్లు వదిలిన తెరచాపలని మళ్లీ కుట్టించాం. డీజిల్ ఇంజను విప్పి బిగించాం. అడుగు భాగం పని అల్హమ్దులిల్లాహ్ ఎవరికైనా చూపించుకునేంత సాఫీగా చేశాం.

ఐబ్ ఉన్నది డెక్‌లో.

మాస్ట్‌ని రెండు పక్కలా స్టీలు తీగలు పట్టుకుని ఉంటాయి. ఆ తీగలు డెక్ దగ్గర ఒక స్టీలు పట్టీకి తగులుకుంటాయి. దాన్ని చైన్‌ప్లేట్ అంటారు. అది డెక్‌ని తొలుచుకుని కిందికి దిగి, లోపలి ప్లైవుడ్ గోడకి బోల్టులతో బిగించి ఉంటుంది. గాలి తెరచాపని ఎంత గట్టిగా లాగితే ఆ పట్టీ మీద అంత జోరు పడుతుంది. అది ఊడితే మాస్ట్ కూలుతుంది. డెక్ ఏమో బిస్కెట్టులా రెండు ఫైబర్ పొరలు, మధ్యలో తేలికైన బాల్సా చెక్క. పట్టీ చుట్టూ ఉన్న మైనం లాంటి సీలెంట్ ఎండకి పగిలితే, ఆ సందులోంచి నీళ్లు దిగి మధ్యలో చెక్క కుళ్లిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

సుత్తి వెనక భాగంతో తట్టాను. మంచి చోట "ఠక్" మంది. ఎడమవైపు చైన్‌ప్లేట్ చుట్టూ, జానమాజ్ అంత మేర "దబ్" మంది. తడి చెక్క.

దానికి సరైన ఇలాజ్ ఒకటే. పై పొర కోసేసి, కుళ్లిన చెక్కంతా తవ్వి, ఆరబెట్టి, కొత్త చెక్క పెట్టి, మళ్లీ ఫైబర్ వేయాలి. మూడు నాలుగు వారాల పని. సాబుకి చెప్పాను. ఆయన టికెట్టు అప్పటికే తీసేసుకున్నాడు, డబ్బులూ అనుకున్నదాని కన్నా ఎక్కువయ్యాయి. "చిన్న రంధ్రాలు వేసి లోపలికి ఎపాక్సీ ఎక్కించు, పైన రంగేసెయ్" అన్నాడు. తడి చెక్కలోకి ఎపాక్సీ పారదు, అతుక్కోదు. రంధ్రం చుట్టూ రూపాయి బిళ్లంత మేర గట్టిపడుతుంది, అంతే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రంధ్రాలు వేశాను, ఎక్కించాను, పూడ్చాను. పైన కాలు జారకుండా వేసే గరుకు రంగు రెండు కోట్లు వేశాను. చిన్నప్పుడు ఆ సైకిలుకి వేసినట్టే నున్నగా కుదిరింది.

వెళ్లేముందు సాబు తాళం నా చేతికిచ్చాడు. 1,20,000 దిర్హాములకి అమ్ముడుపోతే నూటికి ఐదు నాకు ఇనామ్ అన్నాడు. 6,000 దిర్హాములు. అప్పటి లెక్కలో ఇంచుమించు లక్ష రూపాయలు.

ఆ లక్ష అంటే నాకు ఏమిటో కూడా చెప్పాలి. 2012లో చెల్లి షాదీకి ఖర్జు చేశాం. నూటికి మూడు రూపాయల సూద్. అసలు ఇంకా 90,000 మిగిలి ఉంది. నెలనెలా 2,700 సూద్‌కే పోయేది. ప్రతి నెలా మొదటి వారంలో అప్పిచ్చినాయన అబ్బా షాపుకొచ్చి, అద్దె సైకిలు మీద చెయ్యేసి నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. అలా నిలబడటమే చాలు. సూద్ ఇవ్వడం కూడా గునాహ్ అని అబ్బాకి తెలుసు కాబట్టి, ఆ వారమంతా సరిగా అన్నం తినేవాడు కాదని అమ్మీ ఫోన్లో చెప్పేది. ఈ పడవ అమ్ముడుపోతే ఒక్క దెబ్బతో అంతా సాఫ్.

ప్రకటన కోసం సాబు అడిగితే ఫొటోలు నేనే తీసి పంపాను. ఉదయం ఎండలో డెక్ తెల్లగా మెరుస్తుంటే. "పూర్తిగా బాగుచేసిన పడవ, సముద్రానికి సిద్ధం" అని ఆయన రాసుకున్నాడు. చదివి నేనేమీ అనలేదు.

ఏప్రిల్లో ఒక గురువారం సాయంత్రం వాళ్లు వచ్చారు. దక్షిణాఫ్రికా మనిషి, దుబాయ్‌లో ఏదో బడిలో మాస్టారు. భార్య, ఎనిమిదేళ్ల కొడుకు. చలికాలంలో ఈశాన్యం గాలి పట్టుకుని మస్కట్, సలాలా మీదుగా ఆఫ్రికా తీరం వెంట ఇంటికెళ్లిపోవాలని వాళ్ల ఖ్వాహిష్. పాత రోజుల్లో అరబ్బు ధోలు ఖర్జూరాలు నింపుకుని పోయింది ఆ గాలి మీదే, ఆరు నెలలాగి తిరుగు గాలి మీద వచ్చింది అదే దారిన. మాస్టారు కొడుక్కి అవన్నీ చెప్తున్నాడు. పిల్లాడు చెప్పులు విప్పి డెక్ అంతా పరుగులు పెట్టాడు. ముందువైపు పడక నాది అని కేక పెట్టాడు. మళ్లీ పైకొచ్చి గెంతాడు. గెంతింది సరిగ్గా ఎడమవైపు, నేను రంగేసిన చోట.

సర్వేయర్‌ని పెట్టుకుంటే ఖర్చని మాస్టారు మొహమాటపడుతున్నాడు. నా వైపు తిరిగి అడిగాడు. "పని చేసింది నువ్వే కదా. నాకు తెలియాల్సింది ఏమన్నా ఉందా?"

"ఆల్ గుడ్ సార్. ఆల్ న్యూ" అన్నాను.

శనివారం మళ్లీ వచ్చి అడ్వాన్సు ఇస్తానని చెయ్యి కలిపి వెళ్లాడు.

ఆ రాత్రి రూములో ఎనిమిదిమందిమీ పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. లక్ష రూపాయల హిసాబ్ పదిసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ లెక్క సరిపోతోంది, నిద్ర మాత్రం రావడం లేదు. ఇంగ్లీషులో ఇలాంటి కాగితాల మీద "ఉన్నది ఉన్నట్టు అమ్మకం" అని రాస్తారు, సంతకం పెడితే బాధ్యత కొనేవాడిదే అని నాకు నేనే వకాల్తా చేసుకున్నాను. కానీ ఆ మాట నాకు తెలియని ఐబ్‌కి పనికొస్తుందేమో. తెలిసి, నా చేత్తో కప్పిన ఐబ్‌కి ఎలా పనికొస్తుంది?

మర్నాడు జుమా. అలవాటుగా సూరె కహఫ్ చదువుతున్నాను. మూసా అలైహిస్సలాం, ఖిజర్ అలైహిస్సలాం పడవ ఎక్కిన చోటికి వచ్చాను. ఎన్ని జుమాలు చదివానో ఆ భాగం. ఆ పడవ సముద్రంలో పనిచేసుకునే మిస్కీన్లది. ఖిజర్ దానికి లోపం పెడతారు. మూసా అలైహిస్సలాం తట్టుకోలేక అడుగుతారు, ఇందులో ఉన్నవాళ్లని ముంచడానికా అని. ముందర పడవలన్నీ జబర్దస్తీగా లాక్కునే రాజు ఉన్నాడనీ, లోపం ఉన్న పడవని వదిలేస్తాడనీ తర్వాత తెలుస్తుంది. తర్జుమా చూస్తే లోపం పెట్టడానికి అక్కడ వాడిన అరబీ మాట, మనం ఐబ్ అంటామే, ఆ మూలంలోంచి వచ్చిందే. పడవకి ఐబ్.

ఖురాన్ మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ ఐబ్ పేదవాళ్ల పడవని కాపాడింది. అది రాజు మనుషులకి కంటికి కనపడే ఐబ్ కాబట్టి కాపాడింది. నాది కనపడకుండా చేసిన ఐబ్. అది ఎవర్ని కాపాడుతుంది? నన్ను, అదీ శనివారం దాకా.

అసర్ తర్వాత అబ్బాకి ఫోన్ చేశాను. దాచకుండా చెప్పాను. గురువారం నాడు "ఆల్ గుడ్" అన్నది కూడా. అవతల్నుంచి మాట లేదు. లైను కట్ అయిందేమో అనుకున్నా.

"అబ్బా, తాళం సాబు ఇచ్చాడు. నేను ఆయన తరఫు మనిషిని. ఆయన వస్తువు ఐబ్ నేను బయటపెడితే, అది అమానత్‌లో ఖియానత్ కాదా?" అని అడిగాను. నిజం చెప్పాలంటే అది సవాల్ కాదు, తప్పించుకునే దారి.

"ఆయన నీకు తాళం ఇచ్చాడు. నాలుక కూడా ఇచ్చాడా?" అన్నాడు అబ్బా. కాసేపాగి, "ముందు ఆయనకి చెప్పు. నేను కొనేవాడికి చెప్పబోతున్నానని చెప్పు. తర్వాత కొనేవాడికి చెప్పు. నిజాన్ని కూడా చోరీగా చెప్పొద్దు బేటా" అన్నాడు.

ఖర్జు సంగతి నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

ఆ రాత్రి సాబుకి ఫోన్ చేశాను. నా వంకర టింకర ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. "నిన్ను నమ్మి తాళం ఇచ్చాను" అని మాత్రం అన్నాడు. పాత పడవ కొనేవాడు చూసుకుని కొనుక్కోవాలి, అది నీ పని కాదు, నోరు మూసుకుంటే ఆరువేలు, లేకపోతే తాళం ఫోర్‌మన్‌కి ఇచ్చెయ్ అన్నాడు. "తాళం ఇచ్చేస్తాను సార్. కానీ మాస్టారు నన్ను అడిగాడు, నేను ఝూట్ చెప్పాను. ఆ జవాబు మార్చి ఇచ్చేస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

శనివారం పొద్దున వాళ్ల కన్నా ముందే యార్డుకెళ్లాను. చెక్క మీద కొలతలు గీసుకోవడానికి మా దగ్గర సుద్దముక్కలుంటాయి. తెల్ల డెక్ మీద తెల్ల సుద్ద కనపడదు, నీలంది తీసుకున్నాను. తడుతూ, వింటూ, "ఠక్" ఎక్కడ ఆగి "దబ్" ఎక్కడ మొదలవుతుందో గీత గీసుకుంటూ పోయాను. జానమాజ్ అంత మేర చుట్టూ గీత తిరిగింది. రంధ్రాలు వేసిన చోట్లు గుర్తే, వాటి మీద ఇంటూలు పెట్టాను.

మాస్టారు నిచ్చెనెక్కి వచ్చి చూశాడు. సుత్తి ఆయన చేతికిచ్చాను. "ఇక్కడ కొట్టండి. ఇప్పుడు గీత లోపల కొట్టండి." కొట్టాడు. తేడా విన్నాడు. పిల్లాడు కూడా సుత్తి అడిగి తీసుకుని కొట్టాడు. వాడికి అది ఆట.

"గురువారం ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు మాస్టారు.

"డబ్బు కోసం సార్" అన్నాను. ఇంకో జవాబు దొరకలేదు.

ఆయన తల ఊపాడు. థ్యాంక్స్ అన్నాడు. ముగ్గురూ దిగి, కారెక్కి వెళ్లిపోయారు. పిల్లాడు కారు అద్దంలోంచి పడవ వైపు చూస్తూనే ఉన్నాడు. నేను తాళం తీసుకెళ్లి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టాను.

నిజం చెప్పాక గుండె తేలికవుతుందని కిస్సాల్లో రాస్తారు. నాకేమీ తేలిక కాలేదు. ఏడుపొచ్చింది. ఆ నెల అప్పిచ్చినాయనకి కట్టడానికి అమ్మీ చెవి కమ్మలు తాకట్టుకెళ్లాయి. అబ్బా నాకు చెప్పొద్దన్నాడట, చెల్లి చెప్పింది. ఆ వేసవంతా పడవ యార్డులోనే నిలబడి ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని ఆపమని సర్కారు హుకుం. ఆ రెండున్నర గంటలూ నీడన కూర్చుంటే ఎదురుగా అదే పడవ. డెక్ మీద నీలం సుద్ద ఎండకీ దుమ్ముకీ మెల్లగా వెలిసిపోతోంది. ఒక్కోసారి నా మీద నాకే కోపమొచ్చేది, బడాయికి పోయి ఇంటి నోటి ముందు ముద్ద తీసేశానా అని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అబ్బా సుద్ద గీతల గురించి రాస్తూ ఇది దాచడం బాగోదు.

సెప్టెంబరు ఆఖర్లో మాస్టారు మళ్లీ వచ్చాడు. ఈసారి సర్వేయర్‌ని వెంటబెట్టుకుని. నేను గీసిన గీత ఇంకా సగం కనపడుతోంది. సర్వేయర్ మోకాళ్ల మీద కూర్చుని తట్టి, తేమ చూసే మిషన్ పెట్టి, ఏదో రాసుకున్నాడు. సాబుకీ మాస్టారుకీ మధ్య ఫోన్లు నడిచాయి. 85,000 దిర్హాములకి సౌదా కుదిరింది. డెక్ విప్పి సరిగ్గా బాగుచేయించుకునే ఖర్చు మాస్టారుది. యార్డు ఆ పని నాకే వేసింది. నా మామూలు జీతం మీదే, ఇనామ్ లేకుండా.

విప్పిన రోజు నాకు ఇప్పటికీ మర్చిపోవడం కష్టం. గీత వెంట కోసి పై పొర లేపితే, బాల్సా చెక్క తడిసిన టీ పొడిలా నల్లగా చేతికొచ్చింది. తవ్వుకుంటూ పోతే గీత దగ్గర ఆగలేదు. ఇంకో మూర దాకా పోయింది. అనుమానమొచ్చి కింద లోపలి గోడకి ఉన్న టేకు పలక ఊడదీశాను. దాని వెనక, చైన్‌ప్లేట్ బోల్టులు బిగించి ఉన్న ప్లైవుడ్ స్క్రూడ్రైవర్ నొక్కితే పిడి దాకా దిగింది. బోల్టులు చెక్కని కాదు, గాలిని పట్టుకుని ఉన్నాయి. డెక్ మీద తట్టినవాణ్ణి, ఆ పలక వెనక ఎప్పుడూ చూడలేదు. సాబుకీ తెలిసి ఉండదు.

అంటే నేను నిజం చెప్పానని అనుకున్న రోజున కూడా నాకు తెలిసింది సగమే. నా గీత చిన్నది. కానీ ఆ చిన్న గీత లేకపోతే ఆ పలక ఎవరూ విప్పేవాళ్లు కాదు. చలిగాలికి ఆ కుటుంబం తెరచాపెత్తి, సలాలా దాటాక ఎక్కడో మాస్ట్ కూలేది. అప్పుడు వాళ్లకి నా "ఆల్ గుడ్ సార్" గుర్తొచ్చేది.

రెండు నెలలు పట్టింది. కొత్త ప్లైవుడ్, కొత్త చెక్క, కొత్త ఫైబర్, రెండు వైపులా చైన్‌ప్లేట్లు విప్పి మళ్లీ బిగింపు. గరుకు రంగు వేసేముందు మాస్టారుని పిలిచి, సుత్తి ఇచ్చి, అంతా కొట్టి చూడమన్నాను. జనవరిలో పడవ వెళ్లిపోయింది. నేను పనిలో ఉన్నాను, వెళ్లడం చూడలేదు. నెల తర్వాత మాస్టారు సలాలా నుంచి ఒక ఫొటో పంపాడు. పిల్లాడు చైన్‌ప్లేట్ పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుని, ఏదో తింటున్నాడు. సాబు నుంచి మళ్లీ ఎప్పుడూ ఫోన్ రాలేదు.

మా ఖర్జు ఇంకో పద్నాలుగు నెలలకి తీరింది. అమ్మీ కమ్మలు వెనక్కొచ్చాయి. కొనేవాడూ అమ్మేవాడూ నిజం చెప్పుకుని, ఐబ్ చూపించుకుంటే ఆ సౌదాలో బర్కత్ ఉంటుందని హదీసు. ఆ బర్కత్ నాకు నోట్ల కట్టగా రాలేదు. ఏ రూపంలో వచ్చిందని ఎవరన్నా అడిగితే, నా దగ్గరున్నది ఆ ఫొటో ఒక్కటే.

2019లో తిరిగొచ్చేశాను. అప్పటికి అబ్బా ఇంతెకాల్ అయ్యి ఏడాది. ఇప్పుడు కొత్తపట్నం వైపు మత్స్యకారుల ఫైబర్ పడవలకి అతుకులేస్తుంటాను. పాత పడవ కొనేముందు వాళ్లు నన్ను పిలుస్తారు. సుత్తీ సుద్దముక్కా పట్టుకెళ్తాను. తట్టి, గీసి చూపిస్తాను. అమ్మేవాళ్లు కొందరు ముఖం చిట్లించుకుంటారు. లోపల పలకలుంటే అవి కూడా విప్పమంటాను.

మా భాంజా ఇదంతా విని కాసేపు గమ్మున కూర్చున్నాడు. "మీటరు తిప్పకపోతే ఎంత తగ్గుతుంది మామూ?" అన్నాడు.

"ఏడెనిమిది వేలు తగ్గొచ్చు" అన్నాను. తగ్గదని చెప్పి వాణ్ణి ఒప్పించడం కూడా ఝూటే కదా.

సరేనని అనలేదు, కాదని అనలేదు. బండి వేసుకుని వెళ్లిపోయాడు. నిన్న మళ్లీ ఆ స్కూటీ మీదే వచ్చాడు. ఇంకా అమ్ముడుపోలేదట, అడిగినవాళ్లు తక్కువకి అడుగుతున్నారట. వాడు లోపల నాస్తా చేస్తుంటే బయటికెళ్లి మీటరు చూశాను. నలభై రెండు వేల మూడొందలు.